బ్రేకాయన వెనక సీటు

కొన ఇంటికున్నంత చెడ్డపేరు ఆ తీరంలో ఇంకే చోటికీ లేదు.

సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన రాతి గుట్ట. దాని చివర ఒంటరిగా ఒక ఖాళీ ఇల్లు. ఒకప్పుడు గాలీ వానా కొలిచే ఉద్యోగులు అక్కడ కాపురం ఉండేవాళ్ళట. ఉద్యోగాలు ఎటో తరలిపోయాయి, ఇల్లు మిగిలిపోయింది. ఎండ మండిపోయే రోజుల్లో కూడా ఆ ఇంటి గచ్చు తడిగా ఉంటుందంటారు. చీకటి పడే వేళకి లోపల ఎవరో నిట్టూరుస్తారనీ అంటారు...

ఎవరిదా దెయ్యం అని అడిగితే మాత్రం ఒక్కడూ సరిగ్గా చెప్పడు. ఉద్యోగి భార్య అంటాడొకడు. మునిగిపోయిన పంతులమ్మ అంటాడింకొకడు. అసలు చచ్చింది ఆడమనిషే కాదు, పడవ నడిపేవాడు అంటాడు మూడోవాడు. చచ్చిందెవరో తేల్చుకోలేని ఈ జనం, అక్కడ జరిగేదేమిటన్న దగ్గర మాత్రం ఒకే మాట మీద ఉంటారు.

అక్కడ బండి ఆపితే — తిరిగి బయల్దేరేటప్పుడు వెనక కూర్చున్నది మన మనిషేనా అని కళ్ళారా చూసుకోవాలి.

అంతే. అంతకు మించి ఎవరూ చెప్పరు.

ఈ మాట విని నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, బ్రేకాయన నవ్వినంత వెటకారంగా ఎవరూ నవ్వి ఉండరు.

బ్రేకాయన అంటే బ్రేకు ఇన్‌స్పెక్టరు. డ్రైవింగు లైసెన్సు కావాలంటే ఆయన ముందు బండి నడిపి చూపించాలి. ఆయన పక్క సీట్లో కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, ‘ప్చ్’ అంటాడు. ఆ ‘ప్చ్’ వినగానే నడిపేవాడు ఏది క్లచ్చో ఏది బ్రేకో మర్చిపోయి, బండిని తీసుకెళ్ళి స్తంభానికి ఆనిస్తాడు. బ్రేకాయన దిగి, తలుపు మెల్లిగా వేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతాడు. ఫెయిలయ్యావని నోటితో చెప్పడం కూడా ఆయన దృష్టిలో ఎదుటివాడికి చేసే మర్యాదే. అంత మర్యాద ఎందుకని మానేశాడు.

ఇంట్లోనూ అదే ‘ప్చ్’. కూరలో ఉప్పుకి ప్చ్, పిల్లల మార్కులకి ప్చ్, భార్య కొత్త చెప్పులకి ప్చ్. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు. ప్రాణం పోయే మనుషుల పక్కన రాత్రంతా కూర్చుని తెల్లారి ఇంటికొచ్చే మనిషి. ఆ ‘ప్చ్’ని ఆవిడ ఫ్యాను చప్పుడు విన్నట్టు వినేది.

ఇక ఆయన తోడల్లుడు, అంటే నర్సమ్మ చెల్లెలి మొగుడు. కేకులు చేసి అమ్ముతాడు. కాస్త బొద్దుగా, కాస్త బెరుకుగా, ఎప్పుడూ చేతుల మీద పిండి మరకతో ఉంటాడు. లైసెన్సు కోసం సొంత తోడల్లుడి దగ్గరికే వెళ్ళి ఫెయిలై వచ్చాడు. మళ్ళీ వెళ్ళి మళ్ళీ ఫెయిలయ్యాడు. ఇంక ఆ ఊసు ఎత్తడం మానేశాడు. వాళ్ళ వ్యాను ఆయన భార్యే నడుపుతుంది. “ఇంట్లో కేకు ఎవరు, కత్తి ఎవరు” అని బ్రేకాయన ప్రతి విందులోనూ అడుగుతాడు. కేకులాయన ప్రతిసారీ నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే బ్రేకాయనకి ఇంకా ఒళ్ళు మండుతుంది.

ఈ నలుగురూ కలిసి, కారులో ఇద్దరూ వ్యానులో ఇద్దరూ, సెలవులకి ఆ సముద్ర తీరానికి వచ్చారు. అక్కాచెల్లెళ్ళ సరదా అది. మగాళ్ళిద్దరూ సామానుతో పాటు వచ్చారు.

అక్కడ క్వాడ్ బైకులు అద్దెకిస్తారు. నాలుగు లావుపాటి టైర్లు, ఇసకలో కూడా కూరుకుపోకుండా పాకే బండి. ఇసక దిబ్బల మీదుగా, ఎర్రటి మట్టి గట్ల కిందుగా, నీటి పక్షులు వాలే మడుగు పక్కనుంచి దారి సాగుతుంది. చూడాల్సిన దారే. సాయంత్రం పూట అయితే మరీ.

అద్దెకిచ్చేది ఒకావిడ. మెడలో ఈల, కాళ్ళకి రబ్బరు బూట్లు, ఎండకి వాడిపోయిన టోపీ. అందరూ బండ్లావిడ అంటారు. ఆవిడ షెడ్డు ముందు నాలుగైదు బండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి.

బ్రేకాయన వాటి చుట్టూ తిరిగాడు. టైరుని కాలితో తన్నాడు. హ్యాండిలు ఊపాడు. వంగి కింద చూశాడు. లేచి, “ప్చ్” అన్నాడు.

“ఈ డబ్బాలకి ఎవరు పర్మిషన్ ఇచ్చారు?”

“సముద్రం ఇచ్చింది” అంది బండ్లావిడ. “నచ్చకపోతే నడిచి వెళ్ళొచ్చు.”

నర్సమ్మ మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది. బ్రేకాయనకి ఆ నవ్వు కనబడింది.

బండ్లావిడ దారి చెప్పింది. మడుగు దాటాక పల్లపు దారి వస్తుంది. పోటు వచ్చే వేళకి అది నీళ్ళలో మునిగిపోతుంది, కాబట్టి చీకటి పడకముందే ఇటువైపుకి వచ్చేయాలి. దాని అవతల కొన ఇల్లు.

“అక్కడిదాకా వెళ్ళకపోతేనే మంచిది. వెళ్తే బండి ఆపకండి. ఆపారో — బయల్దేరేముందు వెనక మనిషిని చూసుకుని బయల్దేరండి.”

“ఎందుకు?” అన్నాడు కేకులాయన.

బండ్లావిడ చెప్పింది. గొంతు తగ్గించి, తొందరగా, ఇష్టం లేనట్టు చెప్పింది.

బ్రేకాయన ఆకాశం వైపు చూసి నవ్వాడు. “మా ఆఫీసుకి రమ్మనండి ఆ దెయ్యాన్ని. పిలియన్ రైడరుకి హెల్మెట్ తప్పనిసరి అని చెబుతాను.”

ఎవరూ నవ్వలేదు. కేకులాయన ఒక్కడే మర్యాదకి నవ్వబోయి, భార్య మొహం చూసి మానేశాడు.

రెండు బండ్లు తీసుకున్నారు. ముందు బండి మీద బ్రేకాయన, వెనక నర్సమ్మ. రెండో బండి మీద కేకులాయన, వెనక ఆయన భార్య. అది రోడ్డు కాదు కాబట్టి అక్కడ లైసెన్సు అడగరు. ఈ సంగతి తెలిసి బ్రేకాయన దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు.

ఎంత అందమైన దారి అది. ఒకవైపు గాలికి వంగి వంగి నేలకే ఆనిపోయిన చెట్లు. మరోవైపు నురుగు పరుచుకుంటూ వెనక్కి జారిపోయే అలలు. మడుగులో సన్నకాళ్ళ పక్షులు వందలు వందలుగా నిలబడి ఉన్నాయి. బండ్ల చప్పుడుకి అన్నీ ఒక్కసారిగా లేచి, ఆకాశంలో దుప్పటి దులిపినట్టు తిరిగి, మళ్ళీ అక్కడే వాలాయి.

“ఒక్క నిమిషం ఆపుతారా?” అంది నర్సమ్మ.

“చూడు వాణ్ణి” అన్నాడు బ్రేకాయన. ఆయన చూసేది పక్షుల్ని కాదు, వెనకొచ్చే తోడల్లుణ్ణి. “మలుపులో ఒళ్ళు ఎటు వంచాలో కూడా తెలీదు. పిండి మూట పెట్టినట్టు కూర్చున్నాడు.”

బండి ఆపలేదు. పక్షులు వెనకబడిపోయాయి.

పల్లపు దారి దగ్గరికి వచ్చేసరికి ఎండ వాడిపోయింది. దారి ఇంకా పొడిగానే ఉంది గానీ, అంచుల్లో ఇసక ముదురు రంగుకి తిరిగింది. కేకులాయన బండి ఆపాడు.

“అన్నయ్యగారూ, వెనక్కి వెళ్దామండీ. నీళ్ళు వచ్చేట్టున్నాయి.”

“నీళ్ళా? ఇంకోటా?”

కేకులాయన గుట్ట మీది ఇంటి వైపు చూశాడు. కిటికీలకి రెక్కలు లేవు. లోపలి చీకటి బయటికి చూస్తున్నట్టు ఉంది. “రెండూ అనుకోండి” అన్నాడు నిజాయితీగా.

బ్రేకాయనకి ఇంతకంటే ఏం కావాలి. “మరదలా, మీ ఆయనకి పాలు పట్టించి పడుకోబెట్టు. మేం ఇప్పుడే వస్తాం” అని, బొటనవేలి కింది యాక్సిలరేటరు గట్టిగా నొక్కి, బండి ముందుకి దూకించాడు.

“వద్దండీ” అంది నర్సమ్మ వెనకనుంచి. “చీకటి పడుతోంది.”

“ప్చ్.”



ఇంటి ముందు బండి ఆపాడు. తాళం తిప్పి ఇంజను కూడా ఆపేశాడు, కావాలనే. ఒక్కసారిగా అంత నిశ్శబ్దం వస్తుందని ఆయన అనుకోలేదు. సముద్రం చప్పుడు ఉంది, కానీ అది ఎక్కడో కింద, గోడ అవతల పక్కింటి వాళ్ళు మాట్లాడుకుంటున్నట్టు...

తలుపు లేదు. గడప దాటితే ఒక పొడుగాటి గది. గోడకి కోట్లు తగిలించుకునే కొక్కేలు. ఓ మూల పింగాణీ తొట్టి, దాని మీద పైపు ఊడిపోయిన కుళాయి. గోడ మీద మేకులు కొట్టి పీకిన గుర్తులు. కింద నల్లటి పలకల గచ్చు.

గచ్చు తడిగా ఉంది.

“వాన పడి ఉంటుంది” అన్నాడు బ్రేకాయన.

పైకప్పు బాగానే ఉంది. నర్సమ్మ ఆ మాట అనలేదు. లోపలి గదిలోకి నడిచింది. అక్కడ సముద్రం వైపు పెద్ద కిటికీ ఉంది. మిగిలిన వెలుతురంతా అందులోనే ఉంది. ఆవిడ వెళ్ళి ఆ కిటికీ అరుగు మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆ సాయంత్రం ఆవిడకి నిలబడి చూసే అవకాశం దొరకడం అదే మొదటిసారి.

బ్రేకాయన ముందు గదిలోనే ఉన్నాడు. నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశాడు. ఆఫీసులో కుర్రాళ్ళని వరసలో నిలబెట్టి చూసినట్టు చూశాడు.

“ఎవరమ్మా ఇక్కడ కాపురం?” అన్నాడు పెద్దగా. “వెనక సీటెక్కే సరదా నీకేనా? రా, వచ్చి మొహం చూపించు. చూసి పాసో ఫెయిలో చెబుతాను.”

జవాబు ఉంటుందని ఆయన అనుకోలేదు. తిరగబోయాడు...

అప్పుడు కాళ్ళ కిందనుంచి వచ్చింది.

ముందు ఒక గాలి. చల్లగా, ఉప్పగా, పాదాల మీదుగా పాకుతూ. తర్వాత నిట్టూర్పు. చాలా పొడుగాటి నిట్టూర్పు. ఎవరో ఎన్నాళ్ళుగానో బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలినట్టు. చివర్లో చిన్నగా, తడిగా —

“ప్చ్.”

తన ‘ప్చ్’. అదే విసుగు, అదే కొలత. తేడా ఏమిటంటే, ఈసారి అది ఆయన మీద.

బ్రేకాయన పరిగెత్తలేదని తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు. వేగంగా నడిచాడట. అలా వేగంగా నడుస్తూనే గడప తన్నుకుని, మోకాలు గీరుకుపోయి, ఒక చెప్పు అక్కడే వదిలేసి, బండి మీద పడ్డాడు. తాళం తిప్పాడు. తిరగలేదు. మళ్ళీ తిప్పాడు. ఇంజను అందుకుంది.

“ఎక్కు, ఎక్కు...” అన్నాడు.  మాట గుసగుసలా వచ్చింది.

వెనక సీటు కిందికి నొక్కుకుంది. నడుం చుట్టూ రెండు చేతులు వచ్చి పడ్డాయి.

“ఎక్కావా?”

“ఊఁ.”

అంతే, బండి ఉరికించాడు.

గుట్ట దిగాడు. పల్లపు దారిలోకి వచ్చేసరికి నీళ్ళు మొదలయ్యాయి. టైర్ల సగం దాకా వచ్చి, తళతళలాడుతూ పక్కకి చీలిపోతున్నాయి. బండి ముక్కుతోంది. బరువు ఎక్కువైనట్టుంది. నీళ్ళు కదా, ఇసక కదా అనుకున్నాడు. తడిసిన ఇసకలో ఏ బండైనా ముక్కుతుంది.

ఆ చేతులు మాత్రం వదల్లేదు. చొక్కా తడిసి పక్కలకి అంటుకునేంత గట్టిగా పట్టుకున్నాయి.

భయపడింది, అనుకున్నాడు బ్రేకాయన. పాపం, నర్సమ్మ కూడా భయపడింది. రోజూ శవాలు చూసే మనిషి భయపడింది. ఆ ఆలోచనతో ఆయనకి తన భయం సగం తగ్గిపోయింది. ఒక మనిషి తనని అలా పట్టుకుని ఎన్నేళ్ళయిందో. తన మీద భారం వేసి, తల కూడా వీపుకి ఆనించి...

“భయపడ్డావా?” అన్నాడు.

“ఊఁ.”

“నేనున్నాగా.”

ఆ మాట ఆయన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలీదు. ఒకటి వచ్చాక ఇంకోటి వచ్చింది. పక్షుల దగ్గర ఆపాల్సింది అన్నాడు. రేపు పొద్దున్నే ఇద్దరమే వద్దాం, నీ ఇష్టమొచ్చినంతసేపు చూద్దువుగాని అన్నాడు. కొత్త చెప్పులు బాగున్నాయి, ఊరికే అన్నాను అన్నాడు. ప్రతిదానికీ వెనకనుంచి “ఊఁ”... “ఊఁ”... మెత్తగా, నిద్రలో ఉన్న పిల్లలా.

నీళ్ళు హెడ్‌లైటు దాకా ఎగిరి పడుతున్నాయి. ఆయన ఎడమ చెయ్యి హ్యాండిలు మీంచి తీసి, నడుం మీదున్న ఆ చేతి మీద వేశాడు. చల్లగా ఉంది. తడిసింది కదా మరి.

“ఇకమీదట నిన్నెక్కడా ఒంటరిగా వదలను” అన్నాడు.

 ఈసారి చెవికి బాగా దగ్గరగా —

“ఊఁ.”

షెడ్డు దీపాలు కనబడ్డాయి. కేకులాయనా, ఆయన భార్యా బయటే నిలబడి ఎదురుచూస్తున్నారు. బండ్లావిడ లాంతరు పట్టుకుని ముందుకొచ్చింది. బ్రేకాయన దర్జాగా బండిని వాళ్ళ ముందు తెచ్చి ఆపాడు. దిగబోతూ, ఒక విజయం సాధించిన మనిషిలా తోడల్లుడి వైపు చూశాడు.

కేకులాయన ఆయన వైపు చూడటం లేదు. ఆయన వెనక సీటు వైపు చూస్తున్నాడు.

“బావగారూ” అంది మరదలు. మెల్లిగా అంది. “అక్కేది?”

బ్రేకాయన వెనక్కి తిరిగాడు.

సీటు ఖాళీగా ఉంది. దీపం వెలుగులో దాని మీద నీళ్ళు మెరుస్తున్నాయి.

“ఇప్పుడే దిగింది” అన్నాడు. “ఇక్కడే... ఇప్పుడే...”

“ఎవరూ దిగలేదండీ” అన్నాడు కేకులాయన.

“పట్టుకుని కూర్చుంది. దారంతా మాట్లాడింది.”

“బయల్దేరేముందు మీరు వెనక్కి చూసుకున్నారా?” అంది బండ్లావిడ.

వెనక్కి చూడకుండా బండి తీశారని ఎంతమందిని ఫెయిలు చేసి ఉంటాడో. 

పల్లపు దారి వైపు చూశారు అందరూ. అక్కడ ఇప్పుడు దారి అనేది లేదు. నల్లటి నీళ్ళు అటూ ఇటూ ఊగుతున్నాయి. నర్సమ్మ అందులో పడిపోయి ఉంటే... ఆ మాట ఎవరూ పైకి అనలేదు. చెల్లెలు మాత్రం రెండు చేతులతో నోరు మూసుకుంది.

“వెళ్ళాలి” అన్నాడు కేకులాయన.

బ్రేకాయన లేచి నిలబడదామనుకున్నాడు. గీరుకుపోయిన మోకాలు పట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే అడ్డం పడింది మోకాలు కాదు. మళ్ళీ ఆ సీటు మీద కూర్చోవడం, మళ్ళీ ఆ ఇంటి దాకా వెళ్ళడం... ఆయన బండి దిగి, షెడ్డు ముందున్న బల్ల మీద కూలబడ్డాడు.

కేకులాయన ఆ బండే ఎక్కాడు. వెనక బండ్లావిడ తాడుచుట్టతో ఎక్కింది.

అప్పుడు బ్రేకాయన ఒక మాట అన్నాడు. ఎందుకన్నాడో దేవుడికే తెలియాలి. అలవాటు అనుకోవాలి.

“నీకు లైసెన్సు లేదు.”

కేకులాయన ఆయన వైపు చూశాడు. మొదటిసారి నవ్వలేదు. “లేదన్నయ్యగారూ” అని, బండిని నీళ్ళలోకి దింపాడు.

పిండి మూట అన్న ఆ మనిషే. బండి పక్కకి ఒరిగినప్పుడల్లా ఒళ్ళంతా అటు వంచుతూ, ఇటు వంచుతూ నడిపాడు. నీళ్ళలో దీపం ఊగుతూ ఊగుతూ వెళ్ళిపోయింది. కాసేపటికి దీపం కూడా కనబడలేదు.

బల్ల మీద మరదలు కూర్చోలేదు. దూరంగా నిలబడింది. బ్రేకాయన “పట్టుకునే కూర్చుందమ్మా” అని రెండుసార్లు అన్నాడు. ఆ పిల్ల నీళ్ళ వైపే చూస్తూ నిలబడింది.

ఎంతసేపు గడిచిందో. చివరికి నీళ్ళ మీద దీపం మళ్ళీ వెలిగింది.

బండి మీద ముగ్గురున్నారు. ఇరుక్కుని కూర్చున్నారు. నర్సమ్మ దిగింది. బట్టలు తొడల దాకా తడిసి ఉన్నాయి. జుట్టు మాత్రం చెదరలేదు. చెల్లెలు వెళ్ళి గట్టిగా పట్టుకుంటే, దాని వీపు నిమిరి, “ఏం కాలేదే, ఊరుకో” అంది.

బ్రేకాయన లేచి వచ్చాడు. “ఎక్కడ పడిపోయావ్?”

“నేను ఎక్కితే కదా పడటానికి” అంది నర్సమ్మ.

కిటికీ దగ్గర ఉందట ఆవిడ. బండి చప్పుడు విని బయటికొచ్చేసరికి దీపం గుట్ట దిగిపోతోందట.

“పిలవచ్చుగా.”

“పిలిచాను. మీరు వినలేదు. ఇంట్లోనూ అంతేగా.”

మళ్ళీ లోపలికెళ్ళి కిటికీ అరుగు మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుందట. ఎవరో ఒకరు వస్తారనుకుందట. ఎవరొస్తారనుకున్నదీ చెప్పలేదు.

“మరి ఆ నిట్టూర్పు...” అన్నాడు బ్రేకాయన. “వినలేదూ నువ్వు?”

“విన్నాను. గచ్చు పగుళ్ళ కిందినుంచి సముద్రం. అల వచ్చినప్పుడల్లా గాలి తన్నుకొస్తుంది, వెనకే కాసిని నీళ్ళు చిమ్ముతాయి. కాలు పెట్టి చూశాను. చివర్లో బుడగ పగిలినట్టు ఓ చప్పుడు.”

“రాతి కింద బొరియ ఉంది” అంది బండ్లావిడ. “పోటప్పుడు అలాగే అంటుంది. నేల తడీ అందుకే.”

ఎవరో చిన్నగా నవ్వారు. బహుశా మరదలు. సముద్రం తుమ్మితే పెళ్ళాన్ని వదిలేసి పారిపోయిన బ్రేకు ఇన్‌స్పెక్టరు. అంతకంటే తేలిక అయిపోవడం ఎవరి వల్లా కాదు.

కానీ బ్రేకాయనకి ఆ నవ్వు ఎక్కలేదు. “మరి పట్టుకున్నదెవరు?” అన్నాడు. చొక్కా పక్కలు రెండూ పట్టి చూపించాడు. “ఇదిగో, ఇక్కడ. నడుం పట్టుకుని కూర్చున్నావు.”

నర్సమ్మ ఆయన మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. రోగి కట్టు విప్పి చూసే చూపు అది.

“పెళ్ళైన కొత్తలో స్కూటరు మీద ఒకసారి నడుం పట్టుకున్నాను” అంది. “బ్యాలెన్సు పోతుంది, చెయ్యి తియ్యమన్నారు. అప్పట్నుంచీ నేను వెనక కడ్డీ పట్టుకునే కూర్చుంటాను. ఇవాళ వచ్చేటప్పుడూ అంతే. మీరు గమనించలేదా?”

ఆయన గమనించలేదు.

“దారంతా మాట్లాడానన్నారు. ఏం మాట్లాడానేమిటి?”

“ఏం లేదు.”

“మీరేమన్నారు నాతో?”

“...ఏం లేదు.”

“పోనీలెండి. దెయ్యాన్నైనా పట్టుకోనిచ్చారు” అంది నర్సమ్మ. చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి, వ్యాను వైపు నడిచింది.

బ్రేకాయన బండ్లావిడ వైపు తిరిగాడు. ఆవిడ పైపు పట్టుకుని బండి మీది ఉప్పునీళ్ళు కడుగుతోంది. “అదేమిటో మీకు తెలుసు కదా” అన్నాడు.

“బొరియ సంగతి తెలుసు” అంది ఆవిడ తలెత్తకుండా. “రెండోది నాకు తెలీదు. నేను అక్కడ ఎప్పుడూ ఇంజను ఆపలేదు.”

నర్సమ్మ బస నుంచి తన పెట్టె తెచ్చుకుని వ్యానులో పెట్టుకుంది. కొన్నాళ్ళు చెల్లెలి ఇంట్లో ఉంటానంది. గొడవ లేదు, ఏడుపు లేదు. కేకులాయన ఒక్కడే నొచ్చుకుంటూ, “అన్నయ్యగారూ, మా వెనకే మెల్లిగా రండి” అన్నాడు. వ్యాను వెళ్ళిపోయింది.

ఇక్కడి నుంచి జరిగింది బ్రేకాయన ఒక్క మనిషికే చెప్పాడు. ఆ మనిషి కేకులాయన కావడమే వింత. ఏడాది తర్వాత ఓ మధ్యాహ్నం కేకుల కొట్టుకి వచ్చి, గాజు బీరువా పక్కన నిలబడి, ఎవరూ లేకుండా చూసి చెప్పాడట. కేకులాయన చెబితే నాకు తెలిసింది.

ఆ రాత్రి తన కారులో ఒక్కడే బయల్దేరాడు. తీరం దారి దాటి పెద్ద రోడ్డు ఎక్కబోతుండగా కారులో చిన్న చప్పుడు మొదలైంది.

టింగ్... టింగ్... టింగ్...

డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం. పక్క సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే వెలిగే దీపం.

పక్క సీట్లో ఎవరూ లేరు. సంచీ కూడా లేదు. చెయ్యి చాపి తడిమాడు. ఉత్త సీటు.

వైరు వదులైనా అలా మోగుతుంది. లోపల తేమ చేరినా మోగుతుంది. ఆ సంగతి ఆయనకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు. వందల బండ్లలో చూశాడు. ఇంకెవరైనా ఆ చప్పుడు గురించి చెప్పి ఉంటే ఏమనేవాడో మనకి తెలుసు.

ఆయన ఆ మాట అనలేదు. కారు పక్కకి తీసి ఆపాడు. వంగి, అటువైపు బెల్టు అందుకుని, మెల్లిగా లాగాడు. ఎవరికీ ఒరుసుకోకుండా జాగ్రత్తగా ముందుకి తెచ్చి, తగిలించాడు. క్లిక్‌మంది.

చప్పుడు ఆగిపోయింది.

స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ముందుకే చూస్తూ, “బయల్దేరనా?” అని అడిగాడట.

జవాబు వచ్చాకే బండి కదిలించాడట.